ఎవరి కొలత వారిది



కాకినాడ ప్రాంతమునుండి యొక సోదరి గడచిన మాసమున మాకు జాబు వ్రాసిరి. వారి కుమార్తె క్రొత్తగా కాపురము పెట్టుచున్నదట. మంచము, వ్రాతబల్ల, బట్టల బీరువా మొదలగునవి చేతిలోని ఫోనులో బొమ్మ చూచి తెప్పించుకొందమని అల్లుడుగారి యభిప్రాయము. ఊరి వడ్రంగిని పిలిపించి చేయింపవలెనని ఆమె పట్టుదల. “మీరేమందురో వ్రాయుడు, మీ మాట మా యిద్దరకును సమ్మతమే” అని జాబు ముగించిరి. అత్తకును అల్లునికిని నడుమ తీర్పు చెప్పుటకంటె కష్టమైన పని లోకములో లేదు. కావున తీర్పు చెప్పక, ఈ విషయమున మా యింట జరిగినది జరిగినట్లు వ్రాయుచున్నాము. అందుండి తమకు పనికివచ్చునది వారే యేరుకొందురు గాక.

మాది బడిపంతులుగారి యిల్లు. వెల తక్కువ వస్తువును తేలికగా చూచు అహంకారము మాకు లేదు. 2016వ సంవత్సరమున మేమును ఒక బట్టల బీరువాను బొమ్మ చూచియే కొంటిమి. అది అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చినది. కూడ వచ్చిన కుఱ్ఱవాడు గంటలో బిగించి పోయినాడు. చూపులకు టేకువలెనే యుండెను. రెండవ వానకాలమున గోడ చెమ్మ తగిలి దాని యడుగుభాగము నానిన అటుకులవలె ఉబ్బినది. తలుపు కీలు ఊడి చేతికి వచ్చినది. మరల బిగింపబోగా మరకు పట్టు దొరకలేదు.

పైపొర పెచ్చులూడిన తరువాత లోపల చూచితిమి. చెక్కపేళ్లను, రంపపుపొట్టును జిగురుతో కలిపి వేడిమీద అదిమి చేసిన పలక అది. పైన టేకు నారను అచ్చువేసిన కాగితము. అట్టి పలక పొడిగా నున్నంతకాలము పని చేయును. నీరు త్రాగినచో ఉబ్బును. ఉబ్బినది మరల యథాస్థితికి రాదు. అందు వాడు జిగురులలో పెక్కింటియందు ఫార్మాల్డిహైడ్ అను ద్రవ్యముండును. అది కొంతకాలము గదిలోని గాలిలో కలియుచుండును. ఈ ద్రవ్యమును 2004లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు మనుష్యులకు క్యాన్సరు కలిగించువానిలో చేర్చిరి. ఇది తక్కువగా వెలువడు పలకలును నేడు దొరకుచున్నవి. కొనువారు ఆ మాట అడిగి కొనవలెను.

అట్లని కొన్నదెల్ల చెడ్డదనుట న్యాయము కాదు. పలుచని కొయ్యపొరలను నార యొకదానికొకటి అడ్డముగా వచ్చునట్లు అతికించిన మంచి ప్లైవుడు గట్టిది, వంకరపోదు. రెండేండ్లకొకమారు బదిలీయగువారు బరువైన కొయ్యసామానును ఊరూర మోయలేరు. వారికి తేలికసామానే సుఖము. మేము చెప్పదలచినది కొన్న వస్తువు మీద నింద కాదు. కొన్నప్పుడు మనకు దొరకనిది, చేయించినప్పుడు దొరకునది యొకటి గలదు. దానిని తెలిసికొనుటకు మాకు రెండేండ్లు పట్టినది.

మా పెరటిలో పనసచెట్టుండెడిది. మా అత్తగారు కాపురమునకు వచ్చిన యేట నాటినది. 2018 డిసెంబరు 17వ తేదీన పెథాయి తుపాను మా తూర్పుగోదావరి తీరమున కాట్రేనికోన ప్రాంతమున గట్టెక్కినది. ఆ గాలికి చెట్టు వేళ్లతో పెకలి యొరిగినది. వంటచెఱకునకు కొందుమని ఇద్దరు వచ్చి బేరమాడిరి. అత్తగారు రెండు దినములు ఎవరితోడను మాటాడలేదు. మూడవనాడు, “దీనిని కోయించండి. నాకు మంచం చేయించండి” అనిరి.

పనస కొయ్య సామాన్యమైనది కాదు. బొబ్బిలిలో ఒకే పనసమొద్దును తొలచి వీణను చేయుదురు. దాని చేవను చెదలు సులభముగా ముట్టవు. కోసిన నాడు పసుపుకొమ్మువలె నుండి, యేండ్లు గడచినకొలది రంగు ముదిరి గోధుమవన్నెకు తిరుగును. ఏ పనికా కొయ్య యనుట మన పెద్దలెరిగిన మాటయే. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు వాడుదురు. చేతికి సులభముగా లొంగు ఆ కొయ్యల గుణము బొమ్మకు అందము తెచ్చును గాని, మంచపుకోడునకు పనికిరాదు. కోడునకు చేవ కావలెను.

మేము చిన్ననాట నాయనగారివద్ద సంస్కృతము చదివినవారము. ఆ చదువు మంచికెంత పనికివచ్చునో చిక్కులు తెచ్చుటకును అంత పనికివచ్చును. క్రీ. శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో శయ్యలను, ఆసనములను గూర్చి యొక అధ్యాయము వ్రాసినాడు. మంచములకు తగిన చెట్లలో టేకును పేర్కొన్నాడు గాని పనసను పేర్కొనలేదు. అంతియే కాదు, పిడుగుచేతను, నీటిచేతను, గాలిచేతను, ఏనుగుచేతను పడిన చెట్లను విడువవలెనన్నాడు. మాకు సందేహము పుట్టినది. గాలికి పడిన చెట్టుతో పెద్దావిడకు మంచమా? ఈ మాట మెల్లగా అత్తగారితో నంటిమి. వారు మమ్ము ఎగాదిగా చూచి, “ఆ పుస్తకం రాసినాయన ఈ చెట్టు కాయ తిన్నాడా?” అని యడిగిరి. మాకు బదులు తోచలేదు.

అంతట మా యూరి ఆచారిగారిని పిలిపించితిమి. వారికి డెబ్బదియేండ్లు. చెవి కొంత మందము. చూపుమాత్రము నేటికిని తీక్ష్ణము. శాస్త్రపు మాట విని వారు నవ్వలేదు. చెట్టుచుట్టును రెండుమార్లు తిరిగి, మానును అరచేతితో తడిమి, ఇట్లనిరి.

“శాస్త్రం మంచి మాటే చెప్పిందమ్మగారూ. గాలికి మెలి తిరిగిన చెట్టుకి లోపల నార చితికి ఉంటుంది. అది బయటికి కనపడదు. మంచం చేశాక బరువు పడితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఇది వేళ్లతో లేచింది గాని మాను మెలి తిరగలేదు. మొదట్లో మూడడుగులు వదిలేద్దాం. తక్కినది కోసి చూద్దాం.”

కోతమిల్లులో కోయించి చూడగా పగులు లేదు. పలకలను ఇంటికి తెచ్చి పశువులసాలలో, నేలకు అడుగెత్తున, పలకకును పలకకును నడుమ సన్నని పుల్లలుంచి పేర్చిరి. ఆ సందులలో గాలి ఆడవలెను, ఎండ తగులరాదు. అంగుళము మందమునకు ఏడాది యారవలెనని వడ్రంగుల లెక్క. పచ్చికొయ్యలో నీరు దాని యెండిన బరువులో నూటికి ముప్పదివంతులకు పైగా నుండును. ఇంటిలో వాడుకకు అది పది పదునైదు వంతులకు దిగవలెను. దిగునపుడు కొయ్య ముడుచుకొనును. పొడవున ముడుచుట లెక్కలోనిది కాదు. అడ్డమునమాత్రము ముడుచును. అందులోను చెట్టు వలయముల వెంబడి ముడుచుట, నడిమినుండి బెరడువైపు ముడుచుటకు ఇంచుమించు రెట్టింపు. అందుచేతనే తొందరపడి పచ్చికొయ్యతో చేయించిన తలుపు ఏడాది తిరుగకమునుపే వంగి నోరు తెఱచును.

ఏడాది నిండునప్పటికి 2020వ సంవత్సరపు కరోనా వచ్చిపడినది. ఎవరి యిండ్లలో వారుంటిమి. పలకలు మరియొక యేడాది సాలలోనే యుండెను. చూడవచ్చిన చుట్టములు, “ఇంకా మంచం కాలేదా?” అని నవ్విరి. అత్తగారు పాత నవారు మంచము మీదనే పరుండిరి. 2021 సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఆచారిగారు ఉలి, బాడిత, చిత్రిక సంచిలో వేసికొని వచ్చిరి. చేతిలో నొక నున్నని వెదురుబద్ద.

మేము కాగితము మీద అంతయు సిద్ధము చేసియుంచితిమి. మంచము పొడవు ఆరడుగులు, వెడల్పు మూడడుగులు అని వ్రాసితిమి. ఆచారిగారు కాగితమును చూడనేలేదు. అత్తగారిని ఎత్తుపీట మీద కూర్చుండబెట్టి, పాదము నేలకు ఆనించి, నేలనుండి మోకాటి వెనుక మడతవరకు వెదురుబద్దను నిలిపి, గోటితో గుర్తుంచి, కత్తితో గాటు పెట్టిరి. పిదప నవారు మంచముమీద కూర్చుండుమని మరల కొలిచిరి. నవారు సాగి యుండుటచే అది మోకాటిమడతకు నాలుగంగుళములు దిగువనుండెను.

“పెద్దమ్మగారు లేవలేకపోవడం మోకాళ్ల వల్ల ఒక్కటే కాదు. మోకాలికన్నా కిందనించి లేవాలంటే కుర్రవాడు కూడా మూలుగుతాడు. రెండంగుళాలు పైనే పెడదాం. తలవైపు చెయ్యి అందేచోట ఒక కోడు ఎత్తుగా వదులుతాను, పట్టుకు లేస్తారు” అనిరి.

మేము తెల్లబోతిమి. ఆరేండ్లుగా ప్రతిరాత్రి అత్తగారు పిలువగా లేచి, చంకక్రింద చేయివేసి లేపుచుంటిమి. తైలములు మర్దించితిమి; వైద్యులకు చూపించితిమి. మంచమెత్తు ఎంతయని మాకు ఒకనాడైనను తోచలేదు.

పిల్లల కొలతలైనవి. మావారి కొలత యైనది. ఒక్కొక్కరికి వెదురుబద్దపై నొక గాటు. తుదకు ఆచారిగారు మావైపు తిరిగి, “అందరివీ అయ్యాయి. మరి మీదో, అమ్మగారూ?” అనిరి.

“మాకేమి చేయుదురు? మాకు ఏదైనను సరిపోవును” అంటిమి.

“మీరు ఎక్కడ కూర్చుని రాస్తారు?”

ఈ పత్రికకు మేము పంపు వ్యాసములన్నియు అంతవరకు వంటయింటి గుమ్మమువద్ద, బియ్యపు డబ్బా మూతమీద వ్రాసినవే. మావారి వ్రాతబల్ల యొకటి గలదు గాని అది ముప్పదియంగుళముల యెత్తు, కుర్చీ పదునెనిమిది. మేము అయిదడుగుల అంగుళమున్నాము. ఆ కుర్చీలో కూర్చున్నచో పాదములు నేలకందవు. భుజములు చెవులవరకు లేవవలెను. గడియసేపు వ్రాసినచో నడుము పట్టును. అది మా నడుములోని లోపమే యనుకొంటిమి.

ఆ మధ్యాహ్నము బృహత్సంహితను మరల తెఱచితిమి. అదే అధ్యాయములో మంచముల కొలతలున్నవి. పొట్టుతీసిన యెనిమిది యవలను ప్రక్కప్రక్కల పేర్చిన వెడల్పు ఒక అంగుళమట. అది నేటి అంగుళములో ముప్పాతికకు దగ్గరగా నుండును. ఆ లెక్కను రాజునకు నూరంగుళముల శయ్య. రాజకుమారునకు తొంబది. మంత్రికి ఎనుబదినాలుగు. సేనాపతికి డెబ్బదియెనిమిది. పురోహితునకు డెబ్బదిరెండు. చిన్ననాడు ఈ పట్టికను కంఠస్థము చేసి నాయనగారికి అప్పగించితిమి. ఆనాడు దానిలో మాకే లోపమును కనబడలేదు. ఇప్పుడు చూచితిమి. ఆ కొలత మేనినిబట్టి వచ్చినది కాదు, పదవినిబట్టి వచ్చినది. పొట్టి మంత్రికిని పొడుగు మంత్రికిని ఎనుబదినాలుగే. గృహిణి పేరు ఆ పట్టికలో లేదు. ఆచార్యుని తప్పు పట్టుట మా యుద్దేశము కాదు. వారు రాజుల కాలమున రాజులకొఱకు వ్రాసిరి. నేటి అంగడిలోని కుర్చీయు బల్లయు మాత్రము ఎవరి కొలతకు చేసినవి? చెప్పులు తొడిగి కూర్చుండు నడితరపు పురుషుని కొలతకు. మన యిండ్లలో మనము చెప్పులు విడిచి తిరుగుదుము. మనలో పెక్కండ్రము అయిదడుగుల వారము. ఆ కొలతలో మనము లేము. సరిపడనప్పుడు మనమే సరిపెట్టుకొందుము.

మరునాడు ఆచారిగారి యెదుట ఎత్తుపీటమీద కూర్చుంటిమి. నేలనుండి మోకాటిమడతకు పదునైదంగుళములు. కూర్చున్నచోటినుండి మోచేతికి తొమ్మిది. కుర్చీ పదునైదు, బల్ల ఇరువదినాలుగు. మావారి బల్లకంటె ఆరంగుళములు తక్కువ. వెదురుబద్దమీద కడపటి గాటు మాది.

పని నలువది దినములు సాగినది. ఆచారిగారు మేకు కొట్టలేదు. పట్టెకొనను కుసిగా చెక్కి, కోడులో బెజ్జము తొలచి, రెండును బిగియునట్లు కూర్చిరి. అరుగుమీద కొయ్యపొట్టు కుప్పపడగా పిల్లలు దానిలో ఆడుకొనిరి. బల్ల సొరుగు అడుగుపలకను గాడిలో వదులుగా నుంచి, జిగురు వేయలేదు. ఎందుకని అడిగితిమి. “వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. దానికి కదిలే చోటు ఇవ్వాలి. కట్టేస్తే పగిలిపోతుంది” అనిరి. తుదకు అవిసెనూనె రుద్ది నిగ్గుతేల్చిరి.

అన్నియు కుదిరినవని చెప్పము. ఒక పలక ఆరినపుడే కొసను చీలినది. దానిని పీటలకు వాడిరి. బల్ల సొరుగు శ్రావణమాసమున బిగిసికొనును. వానలలో చిత్రిక పట్టింపరాదు, పట్టించినచో వేసవిలో వదులగునని ఆచారిగారు ముందే చెప్పినందున, ఆ నెల దానిని తెఱువకయే గడుపుచున్నాము. కొయ్య మా పెరటిదే యైనను, కోత ఖర్చును కూలియు కలిసి ఆ పాత బీరువా వెలకంటె ఎక్కువే యైనది. మావారు ఒకమారు మా బల్లవద్ద కూర్చుండి, మోకాళ్లు బల్లకు తగులగా లేచి, “ఇది మీ బల్లే, సందేహం లేదు” అనిరి.

మంచము వేసిన మొదటిరాత్రి మాకు మెలకువ వచ్చినది. పిలుపు వినబడలేదు. గాబరాపడి లేచి చూడగా అత్తగారు తలకోడు పట్టుకొని లేచి, పెరటితలుపువద్దకు మెల్లగా నడచి పోవుచుండిరి. మేము వెనుక నిలిచియుంటిమి గాని మాటాడలేదు. తిరిగి వచ్చి మమ్ము చూచి, “నువ్వెందుకు లేచావు? పడుకో” అనిరి. ఆరేండ్లలో ఆ మాట వారు మాతో ననుట అదే మొదలు. తమకు మేము చేయు సేవను గూర్చి మేము తలచితిమి గాని, రాత్రి రాత్రి యొకరిని పిలువవలసి వచ్చుట వారికెట్లుండెనో అంతవరకు తలపలేదు.

జాబు వ్రాసిన సోదరికి మేము విన్నవించునది యింతే. అల్లుడుగారి మాట కొట్టివేయకుడు. బీరువా కొనినను కొనుడు. ఒక్క వస్తువునుమాత్రము చేయింపుడు. అది కూతురు దినమున ఎక్కువసేపు వాడునదై యుండవలెను. చేయించుటకు ముందు ఈ కొలతలు తీసికొనుడు. చెప్పులు లేకుండ కూర్చుండి, నేలనుండి మోకాటిమడతకు ఎంతయో అది కుర్చీ యెత్తు. పెద్దవారికైనచో దానికి ఒకటి రెండంగుళములు కలుపవలెను. కూర్చున్నచోట మోచేయి మడిచినప్పుడు దాని యెత్తు వ్రాతబల్ల యెత్తు. నిలుచుండి కూరలు తరుగు గట్టు మోచేతికి నాలుగైదంగుళములు దిగువనుండవలెను. రొట్టెలు ఒత్తుటకు ఇంకను దిగువ. వంటయిల్లు కట్టించువారు మేస్త్రీకి ఈ మాట ముందే చెప్పుడు. కట్టిన గట్టును చిత్రిక పట్టలేము.

కొయ్య కొనుటకు అడితికి పోయినచో చేవయు పైచెక్కయు వేఱుగా చూపుమని యడుగుడు. పాలిపోయిన పైచెక్కకే చెదలు, పురుగు ముందు తగులును. ఎన్నాళ్లారినదో యడుగుడు. వడ్రంగితో బేరము ముందే తేల్చుకొని, కూలిని నాడు నాటికి ఇచ్చివేయుడు. తొందర పెట్టకుడు. మా ఆచారిగారి కుమారులిద్దరును నేడు పట్టణములో అట్టపెట్టెలలో వచ్చిన సామాను బిగించు పనిలో నున్నారు. అది తప్పు కాదు. ఇల్లు గడవవలెను గదా. మనమెవ్వరమును పిలువనిచో ఆ చేతులలో కుసియు బెజ్జమును ఎన్నాళ్లు నిలుచును?

ఆ వెదురుబద్దను ఆచారిగారు మాకే విడిచిపోయిరి. అది మా బల్లప్రక్కన గోడకు వ్రేలాడుచున్నది. పిల్లల గాటులు ఇప్పటికే పాతబడినవి. ఈ వ్యాసమును ఆ బల్లమీదనే వ్రాసితిమి. పాదములు నేలను ఆనియున్నవి.

వచ్చు మాసమున, వానకాలములో పప్పులను, మసాలా దినుసులను పురుగుపట్టకుండ కాపాడుకొను విధానమును గూర్చి ముచ్చటింతము.